కూర్చున్న మనిషి లేచి నిలబడితే

20 జూలై 1997, ఆదివారం

రామకోటి తప్ప మరొకటి రాయని చేయి ఇది. మిర్చి ఏజెంట్లు ఏటా కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీలు మా ఇంట్లో కుంకుమ పొట్లాలు కట్టడానికే పోతాయి. ఈ ఏడాది డైరీని మాత్రం ఇవాళ అడిగి తీసుకుని బియ్యం డ్రమ్ము వెనక పెట్టుకున్నాను. కారణం ఒకటే. నా గొంతు వంటింటి గడప దాటదు. దాటని మాటలు లోపలే ఉండి పులుస్తాయని ఈ వయసులో తెలుస్తోంది.

నిన్న భోజనాల దగ్గర ఆయన కోడలితో ఒక మాట అన్నారు. ఆయన పేరు నేను చెప్పకూడదు. కింద మా కొట్టు బోర్డు మీద ‘వరదయ్య శెట్టి అండ్ సన్, ఎండుమిర్చి, చింతపండు’ అని ఉంది. అది చూసి రాస్తున్నాను కాబట్టి తప్పు లేదు.

“ఇంకొక్క తూరి రాయమ్మా. ఈ తూరి కూడా పోతే పుస్తకాలు మూసేసి ఇంట్లో ఉండు. అందరికీ అన్నీ రావాలని ఏముండాది?”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆయన కోపం మజ్జిగ పోసేలోగా చల్లారుతుంది. మెల్లగా అన్న మాట మాత్రం మార్చుకోరు. మా శివరామ్ పెళ్లాం వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు, చివరికి పచ్చడి గిన్నె వైపు చూశాడు. భువన తల వంచుకుని అన్నం కలిపింది. కలుపుతూనే ఉంది.

ఆ పిల్ల పెరంబూరు నుంచి వచ్చింది. తండ్రి బాలసుందరం గారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. ఫిజియోథెరపీ డిగ్రీలో చేరాక పెళ్లయింది. చదువు ఆపించబోమని మేము మాట ఇచ్చాం. మొదటి సంవత్సరం అన్ని పేపర్లూ అయిపోయాయి, ఫిజియాలజీలో నోటి పరీక్ష, అదే వైవా, ఒక్కటే పోయింది. రాతతో సహా ఆ పేపరు మొత్తం ఆగస్టులో మళ్లీ రాయాలి.

నేను అప్పుడే అనాల్సింది. ఏమనాలో ఇప్పటికీ తెలియదు. ఏదో ఒకటి అనాల్సింది.

22 జూలై

భువన చేతిలో పుస్తకం పెట్టుకుని తానే అడిగి తానే చెప్పుకుంటోంది. పుస్తకం నాకివ్వు, నేను అడుగుతాను అన్నాను. నేను ఎస్సెల్సీ ఇంగ్లీషులో కూడా పాసయ్యాను. ఇంతపొడుగు మాటలు ఆ రోజుల్లో లేవు, అంతే. కూడబలుక్కుని అడిగితే ఆమె నవ్వుతూ జవాబు చెబుతుంది. నవ్వితే సగం భయం పోతుంది. నా ఇంగ్లీషు ఇన్నేళ్లకు ఒక పనికొచ్చింది.

వైవాలో ఏమైందో ఇవాళ చెప్పింది. పరీక్ష పెట్టిన ఆనందన్ సార్ చాలా మర్యాదస్తుడట. కూర్చున్న మనిషి గభాలున లేచి నిలబడితే ఒంట్లో ఏమవుతుంది అని అడిగాడట. ఈమెకు గుండె పాఠం వచ్చు, ఊపిరితిత్తుల పాఠం వచ్చు, నరాల పాఠం వచ్చు. లేచి నిలబడే పాఠం పుస్తకంలో లేదు. అందుకని ఆయన్నే అడిగిందట:

“ఇది ఏ పాఠం సార్?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సరేనమ్మా, వెళ్లిరా అన్నాడట.

నాకు నవ్వు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె చూసింది.

25 జూలై

ఒక చిక్కు వచ్చింది. పొద్దున మడి కట్టుకుని వంట చేస్తూనే పాఠం అడుగుతాను. గుండె అనవచ్చు, మెదడు అనవచ్చు. కానీ ఆ నడుము వెనక ఉండే రెండింటి పేరు, పైగా తెలుగులో, మడిలో ఉండి నా నోట రాదు. “ఇంగ్లీష్‌లో కిడ్నీ అనండి అత్తా, దానికి మైల లేదు” అంటుంది భువన. అర్థం తెలిశాక ఏ భాషయితే ఏమిటి?

అవి చేసే పని వివరంగా చెప్పమన్నాను. ఒంట్లో ఉన్న రక్తమంతా వాటిలోకి పోతుందట. అన్నీ దించుకుని, జల్లించి, మంచిదంతా తిరిగి లోపలికి పంపి, తాలు మాత్రం బయటికి తోస్తాయట. ఇది కింద మా మండీలో రోజూ జరిగేదే. మిరపకాయ మూటలు దించి, తాలుకాయలు ఏరి పక్కన పడేస్తారు. కాబట్టి ఇవాళ్టి నుంచి ఆ రెండూ మండీలు. కుడి మండీ, ఎడమ మండీ.

ఆయన పైకి వచ్చినప్పుడు “ఎడమ మండీలో ఉప్పు ఎక్కువైతే ఏం చేస్తారు?” అని నేను అడుగుతున్నాను. మన కొట్టులో ఉప్పు ఎప్పుడు పెట్టారు అని ఆయన అడిగారు. భువన పమిట నోట్లో కుక్కుకుని వరండాలోకి పోయింది.

1 ఆగస్టు, శుక్రవారం

కాళ్ల వాపుకు రామసామి డాక్టరు మాత్ర ఇచ్చాడు. బీపీ కూడా కొంచెం ఉందన్నాడు. ఆ మాత్ర ఒంట్లో ఎక్కువున్న నీళ్లు పోవడానికట. పోతున్నాయి. లలితా సహస్రనామం సగంలో లేచిపోవాల్సి వస్తోంది, అమ్మవారి ముందు సిగ్గుగా ఉంది.

భువనకు చెప్పలేదు. చెబితే నన్నే పాఠంగా పెట్టుకుంటుంది.

శ్రావణం వస్తోంది. మొక్కుకున్నాను. నాలుగు శుక్రవారాలూ వాకిట దీపం పెట్టేదాకా పచ్చి నీళ్లు కూడా ముట్టను, పిల్ల గట్టెక్కాలి. ఇదీ ఎవరికీ చెప్పలేదు. గొంతు గడప దాటనివాళ్లు చేయగలిగినది ఇదొక్కటే.

8 ఆగస్టు, శుక్రవారం

మొదటి శుక్రవారం. డాక్టరు మాత్ర మానవద్దన్నాడు, అమ్మవారికేమో నీళ్లు ముట్టనని చెప్పాను. ఇద్దరికీ అన్యాయం జరగకూడదు. బాగా ఆలోచించి మాత్రను ఉద్ధరిణెడు తీర్థంతో మింగాను. తీర్థం నీళ్ల కింద లెక్క కాదు.

సాష్టాంగం చేసి లేస్తుంటే దీపాలు కాసేపు దూరంగా జరిగి మళ్లీ దగ్గరికి వచ్చాయి. ఒళ్లు తేలికైంది. అమ్మవారు ఆ క్షణం గదిలో ఉన్నారని నాకు తెలిసింది.

10 ఆగస్టు

భువన కాలేజీ నుంచి బీపీ చూసే యంత్రం అడిగి తెచ్చింది. నన్ను కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. కొంచెం ఎక్కువుందత్తా, డాక్టరుకు చూపించుకోవాల అంది. చూపిద్దాం అన్నాను. అబద్ధం కాదు. ఎప్పుడని ఆమె అడగలేదు. ఆదివారం, కడుపు నిండా తిన్నాను, కడవెడు నీళ్లు తాగాను. నిలబడితే మాత్రం ఏమీ కాలేదు.

ఆయన కూడా చేయి చాపారు. “నీ పరీక్ష కోసం ఇస్తా ఉండా. ఎక్కువ గాలి కొట్టొద్దు, ఈ చేత్తోనే తరాజు పట్టాల” అన్నారు. ఆ మాట విని నేను లోపలికి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. చదువు మాన్పించాలని ఉన్న మనిషి చేయి ఇస్తాడా? ఇవ్వడు. ఆయనకు ఓడిపోయేవాళ్లను చూడటం చేతకాదు, అంతే. తాలుకాయ అని తెలిశాక మూటలో ఉంచరు. ఈ పిల్ల తాలు కాదని ఆయనకు ఎవరు చెబుతారు?

15 ఆగస్టు

వరలక్ష్మీ వ్రతం. వీధంతా జెండాలు, స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లట, నాకున్నన్నే. అమ్మవారు ఇవాళ చాలా దగ్గరికి వచ్చారు. గోడ పట్టుకున్నాను.

19 ఆగస్టు

రాత పరీక్ష నిన్నటితో అయింది, బాగా రాసిందట. ఇక వైవా. అది 29న, నాలుగో శుక్రవారం. అమ్మవారే పెట్టించిన తేదీ.

ఏ పాఠం అడిగినా భువన గడగడా చెబుతుంది. చెప్పడం అయ్యాక పుస్తకం మూసి, నాకు తోచింది అడిగాను. గుండె ఇంత పని చేస్తుంది కదా, మండీకి ఆ సంగతి తెలుస్తుందా? తెలిస్తే ఎవరు చెబుతారు?

ఆమె ముఖం చిన్నబోయింది. “అత్తా, పుస్తకంలో ఉండేది మాత్రం అడగండి. ప్లీజ్” అంది.

ఇక అడగను. నాకెందుకు? వంటింట్లో పాలు పొంగితే వాసన వరండాలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది, వాళ్లు కేకేస్తారు, నేను పరుగెత్తుతాను. అలా ఏదైనా ఉంటుందేమోనని అడిగాను. అంతే.

22 ఆగస్టు, శుక్రవారం

రుబ్బురోలు పక్కన కూర్చుండిపోయాను. ఎవరూ చూడలేదు.

28 ఆగస్టు

రేపు వైవా. భువన తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంది. చేసిందే మళ్లీ చేసింది. ఆయన జంగిరీ తెచ్చి, “తిని పడుకో. రేపటితో తెలిసిపోతాది” అన్నారు. ఓదార్చాలని అన్నదే. ఆ పిల్ల జంగిరీని ముక్కలు చేసి ముక్కలన్నీ శివరామ్ పళ్లెంలో వేసింది. వాడు తిన్నాడు. నా కొడుకు.

30 ఆగస్టు

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న నన్ను పెన్ను పట్టుకోనివ్వలేదు.

పొద్దున మాత్ర వేసుకుని పూజలో కూర్చున్నాను. పిల్ల వైవా కదా అని సహస్రనామం రెండుసార్లు చదివాను. భువన కోటు వేసుకుని, దండం పెట్టుకుని పోదామని వచ్చి గుమ్మంలో నిలబడింది. హారతి ఇద్దామని నేను పళ్లెం పట్టుకుని లేచాను. అమ్మవారి పటం వీధి చివరికి వెళ్లిపోయినట్టయింది.

కళ్లు తెరిస్తే పైన ఫ్యాను కనిపించింది. ఆ తర్వాత నా కాళ్లు కనిపించాయి. అవి దేవుడి పీట మీద ఉన్నాయి. అమ్మవారి పటానికి జానెడు దూరంలో నా రెండు మడమలు, పసుపు రాసుకున్నవి, పైకి ఎత్తి పెట్టి. గభాలున కిందికి లాక్కోబోయాను. భువన రెండు చేతులతో చీలమండలు పట్టుకుని నొక్కిపెట్టింది.

“సుమ్మా ఉండండి అత్తా. లేవొద్దు.”

ఆమె తెల్ల కోటు నిండా కుంకుమ.

పళ్లెం పడిన చప్పుడుకు ఆయన కింది నుంచి పైకి వచ్చారు. నన్ను చూశారు, నా కాళ్లు చూశారు. “ఏమే, కాళ్లు తీసుకొనిపోయి ఆడ పెట్టినావే?” అన్నారు.

భువన ఒక చేత్తో నా కాళ్లు నొక్కిపట్టి, రెండో చేత్తో నాడి చూస్తోంది.

“పొద్దుటి నుంచి ఏం తాగినారత్తా?”

“ఏమీ లేదు.”

“మాత్ర ఏమన్నా?”

“వేసుకున్నాను.”

“దేంతో?”

“తీర్థంతో.”

“ఎంత తీర్థం?”

“ఉద్ధరిణెడు.”

“ఏం మాత్ర అది?”

చెప్పాను. కాళ్ల వాపు మాత్ర, నీళ్లు పోయేది. ఎప్పటినుంచో వెతుకుతున్న పేజీ దానంతట అదే తెరుచుకున్నట్టు ఆమె నన్ను చూసింది. ఆయనేమో కాళ్లు దించమని మళ్లీ అన్నారు. అప్పుడు ఆమె తల ఎత్తకుండా, నా చీలమండలు వదలకుండా చెప్పింది.

“దించకూడదు మామా. మనం లేచి నిలబడితే రక్తం కొంత కాళ్లల్లోకి జారిపోతాది. తలకు తక్కువైతాది. మెడలో కాపలా ఉండాది, అది కనిపెట్టి మెదడుకు చెప్తాది. మెదడు గుండెను తొందరగా కొట్టమంటాది, రక్తనాళాలను బిగించమంటాది, మండీని నీళ్లు వదలొద్దు, పట్టి పెట్టమంటాది. అన్నీ ఒక్కసారిగా చేస్తేనే మనం నిలబడేది. అత్త నీళ్లు తాగలేదు. ఉండే నీళ్లను మాత్ర తోసేసింది. మెదడు పట్టి పెట్టమంటే మాత్ర మండీ తలుపులు తెరిచిపెట్టింది. గుండె ఎంత కొట్టినా కొట్టేదానికి సరుకు లేదు. అందుకే కాళ్లు ఎత్తి పెట్టినాను, ఆ రక్తం తలకు రావాల. ఈ గదిలో పీట తప్ప వేరే ఎత్తు లేదు. అమ్మవారు ఏమీ అనుకోరు.”

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆగి, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. కళ్లు ఇంతింత అయ్యాయి.

“అత్తా,” అంది మెల్లగా, “ఇది ఏ పాఠం?”

“నాకేం తెలుసు? పుస్తకం మూసి ఉంది” అన్నాను.

పడుకుని, కాళ్లు దేవుడి మీద పెట్టుకుని, ఆ మాట అన్నాను. నా గొంతు గడప దాటే ఉంటుంది, ఆయన కూడా నవ్వారు కాబట్టి.

తర్వాత అసలు గొడవ మొదలైంది. ఉప్పు, పంచదార, నిమ్మకాయ కలిపిన నీళ్లు గ్లాసు నిండా తెచ్చింది. నేను పెదవులు బిగించాను. మొక్కు సంగతి అప్పుడు చెప్పక తప్పలేదు. నీ వైవా కోసమే, ఇవాళ్టి దాకా నిలబెట్టుకున్నాను, ఇంకో పూట ఓర్చుకుంటే అయిపోతుంది, ఇప్పుడు తాగితే నీకు పోతుంది అన్నాను. ఆ పిల్ల ఏడ్చేసింది. “మీరు తాగకపోతే నేను పోను. ఆ సార్ ఈడికి వచ్చి అడగనీ” అంది.

టైము అవుతోంది. ఆమె పోదు, నేను తాగను.

ఆయన నా తల దగ్గర కూర్చున్నారు. “మొక్కు ఏమని మొక్కినావు? సొంతంగా కలపకుండా, ఆ మాటలే చెప్పు.”

“వాకిట దీపం పెట్టేదాకా పచ్చి నీళ్లు ముట్టనని.”

“పొద్దు గూకినాక అని అన్నావా?”

ఆలోచించాను. అనలేదు.

ఆయన లేచారు. దీపపు కుందె వెతికారు, వత్తిని తలకిందులుగా వేశారు, నూనె నేల మీద పోశారు. ఈ ఇంట్లో ఆయన దీపం వెలిగించడం నేనెప్పుడూ చూడలేదు. మిర్చి ఘాటు ఉన్న చేతులతో ముక్కు తుడుచుకుని, నాలుగైదు తుమ్ములు తుమ్మి, ఎర్రటి కళ్లతో దాన్ని వాకిట్లో పెట్టి వచ్చారు. వీధి నిండా ఎండ. పూలమ్మే అమ్మాసి అప్పుడే వచ్చి, కరెంటు పోయిందా శెట్టియార్ అని అరవంలో అడగడం లోపలికి వినిపించింది.

“పెట్టేసినా,” అన్నారు ఆయన. “ఇంక తాగు. అమ్మవారు అడిగితే నన్ను అడగమను.”

తాగాను. ఉప్పగా, తియ్యగా, పుల్లగా ఉంది. అంత రుచైనది నేను తాగి ఎరగను. ఇది మాత్రం నిజం రాస్తున్నాను.

శివరామ్‌ను నా దగ్గర కూర్చోబెట్టి, శుక్రవారం పూట కొట్టు వదిలి, ఆయనే ఆటోలో భువనను కాలేజీకి తీసుకుపోయారు. కోటు మార్చుకునే టైము లేదు. కుంకుమతోనే పోయింది.

సాయంత్రం వచ్చి చెప్పింది. మళ్లీ ఆ ఆనందన్ సారే. ఈసారి మెట్లెక్కే మనిషి గురించి అడిగాడట. ఏ పాఠమని తాను అడగలేదట. కాళ్ల దగ్గర మొదలుపెట్టి గుండె, ఊపిరి, చెమట, అన్నీ కలుపుకుంటూ పోయిందట. ఒక్కచోట కిడ్నీ అనబోయి మండీ అందట. అదేమిటమ్మా అని ఆయన అడిగితే, మా అత్తగారి మాట సార్ అందట. ఆ తర్వాత కోటు మీద ఆ ఎరుపు ఏమిటని అడిగితే అదీ చెప్పిందట. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడట.

ఆ అద్దాలు తుడవడమే నాకు భయంగా ఉంది. పోయినసారీ అదే చేశాడు.

1 సెప్టెంబరు

భువన నన్ను రామసామి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఉపవాసాల సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని ఆయన తిట్టాడు. మీరు అడగలేదు అన్నాను. మాత్ర మార్చాడు. తీర్థంతో కాదు, గ్లాసు నీళ్లతో అని చీటీ మీద రాసి ఇచ్చాడు.

9 సెప్టెంబరు

పగలు పెట్టిన దీపం చెల్లుతుందా? గుడికి పోయి పూజారిగారి భార్యను వేరెవరి సంగతో అన్నట్టు అడిగాను. ఎవరు పెట్టారు అంది. వాళ్లాయన అన్నాను. మీ శెట్టిగారా అంది.

16 సెప్టెంబరు

రిజల్టు రాలేదు. చెల్లుతుందనే అనుకుంటున్నాను.

17 సెప్టెంబరు

చెల్లకపోతే?

26 సెప్టెంబరు, శుక్రవారం

పాసయింది.

కాలేజీ నుంచి ఫోను కొట్టుకు చేసింది. ఆయన మెట్ల కింద నుంచి కేక వేయకుండా పైదాకా వచ్చారు. వచ్చి, నేను పీట మీద కూర్చుని ఉంటే, “లేవొద్దు, మెల్లగా లే” అన్నారు ముందు. ఆ తర్వాత చెప్పారు.

రాత్రి భోజనాల దగ్గర భువన ఇంకా చదువు సాగనిస్తామనే మాట కోసమే చూస్తోంది. ఆయన మజ్జిగ పోయించుకున్నారు, కలుపుకున్నారు. “రెండో సంవత్సరం పుస్తకాలు మెల్లగా కొనొచ్చా, రేపే కావాల్నా?” అన్నారు.

శివరామ్ పచ్చడి గిన్నె వైపు చూడలేదు. పెళ్లాం వైపే చూశాడు.

30 సెప్టెంబరు

చింతపండు దళారులు కొట్లో బస్తాల మీద నుంచి లేస్తుంటే ఆయన ఆపుతున్నారట. మెడలో కాపలా ఉంటుంది, దానికి కాస్త టైము ఇవ్వండి అని చెబుతున్నారట. శివరామ్ చెప్పి నవ్వాడు. ఎవరు చెప్పారని వాళ్లు అడిగితే, మా కోడలు అంటున్నారట. అది విని నేను లోపలికి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. ఏమీ కాలేదు. నీళ్లు తాగే ఉన్నాను.

వేరేది ఆలోచిస్తున్నాను. ఆ పూట నేను పడకపోతే ఆమె అలా చెప్పగలిగేదా? పడేసింది ఎవరు? డాక్టరు మాత్రా, నా మొక్కా? గదిలోకి వచ్చారని నేను అనుకున్న ఆవిడ, నిజంగానే వచ్చారా? భువనను అడిగితే పుస్తకంలో లేదంటుంది. నేను ఇక అడగను. అందరూ కలిసి చేసిన పనిలో ఎవరి వంతు ఎంతో విడదీయడం నా చదువుకు మించినది.

డైరీలో ఇంకా కాగితాలున్నాయి కానీ కడుపులో మాటలు అయిపోయాయి. పైగా ఈ మధ్య వంటింట్లోంచే కొన్ని బయటికి వినిపిస్తున్నాయట.

భువనా, బియ్యం డ్రమ్ము వెనక నీకే ఇది దొరుకుతుంది. చదవొద్దంటే చదువుతావు, అందుకని అనను. దాచిపెట్టు. మీ మామకు చూపించకు, దీపం సంగతి రాసినందుకు మురిసిపోతారు. శివరామ్‌కూ చూపించకు, పచ్చడి గిన్నె సంగతి ఉంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. నా తర్వాత రామకోటి పుస్తకాలు భద్రాచలానికి పంపేటప్పుడు పొరపాటున దీన్ని ఆ కట్టలో పెట్టేవు. ఇందులో మూత్రపిండాలున్నాయి.